గ్రహణం లేని రోజు రోకలి

నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మద్రాసు యూనివర్సిటీ ఫిజిక్సు విభాగంలో మెట్లు మెట్లుగా బల్లలున్న పెద్ద హాలు అది. శనివారాల్లో మిడిల్ స్కూలు సైన్సు టీచర్లని పిలిచి, పాఠాన్ని చేత్తో ఎలా చేయించాలో అక్కడ నేర్పేవారు. ఆ వారం తలా ఒక ప్రశ్న తెమ్మన్నారు. పుస్తకంలోది వద్దు. పిల్లల ఇళ్లలో వినబడేది కావాలి, మనకి జవాబు తెలియనిది కావాలి.

నా ముందువాళ్లు మంచి ప్రశ్నలే తెచ్చారు. కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని ఒకాయన అడిగాడు. జవాబు ఆయనకి తెలుసని ఆయన ముఖమే చెబుతోంది.

నేను లేచి, వచ్చినంత అరవంలో అడిగాను. "గ్రహణం రోజు పళ్లెంలో నీళ్లు పోసి, రోకలి నిలబెడితే నిలబడుతుంది. గ్రహణం విడవగానే పడిపోతుందంటారు. ఎందుకు?"

హాలంతా నవ్వింది. పక్కన కూర్చున్న అలివేలుమంగ తల వంచుకుంది. ఆమె చింతాద్రిపేటలో తెలుగు మీడియం టీచరు. తెలుగులో పాఠం చెప్పేవాళ్లం ఆ హాల్లో మేమిద్దరమే. "ఏం సార్, వచ్చినప్పట్నించీ నోరు తెరవలేదు మీరు. తెరిస్తే రోకలా?" అంది మెల్లగా.

డాక్టర్ సుందరం నవ్వలేదు. క్లాసులు నడిపేది ఆయనే. వాళ్లది ఎన్నో తరాల కిందట ఈ పక్కకి వచ్చేసిన తెలుగు కుటుంబం. ఇంట్లో మాట్లాడే తెలుగులోనే నన్ను అడిగాడు.

"మీరు చూసినారా?"

"చూశాను. మా ఊళ్లో మా అమ్మ నిలబెట్టేది."

"గ్రహణం లేని దినం నిలబెట్టి చూసినారా?"

తల అడ్డంగా ఊపాను. ఆయన హాలు వైపు తిరిగి, రోకలి నిలబడగా చూసినవాళ్లు చేతులెత్తమన్నాడు. చాలా చేతులు లేచాయి. నవ్వినవాళ్లవి కూడా. మామూలు రోజు నిలబెట్టి చూసినవాళ్లు ఎత్తమన్నాడు. ఒక్క చెయ్యీ లేవలేదు.

సుందరం సుద్దముక్క బల్ల మీద పెట్టేశాడు. "నేనూ చూడలేదు. మా అమ్మమ్మ నిలబెడతా ఉంటే చిన్నప్పుడు పక్కనే కూర్చునేవాణ్ణి. ఇన్నేండ్లు ఫిజిక్సు చెప్పినాను. చుమ్మా, ఊరికే ఒకనాడు నిలబెట్టి చూస్తామే అని బుద్ధి పుట్టలేదు చూడండి." నా వైపు తిరిగి అన్నాడు: "వెంకటపతి సార్, ఇది మీ పని. ఎవరు నమ్ముతా ఉండారో వాళ్లింట్లోనే చేయండి. నేనూ వస్తా. ఒకటే షరతు. మనం జవాబు చెప్పకూడదు. అడగాల, అడిగి ఆగాల. ఆగేది మీకు కష్టం కాదులే."

ఈసారి అందరితోపాటు అలివేలుమంగా నవ్వింది.

ఆ ప్రశ్న నేను సరదాకి తెచ్చింది కాదు. ఆ యేడు, అంటే తొంభై అయిదులో, దీపావళి మర్నాడే సూర్యగ్రహణం. మద్రాసులో పూర్తిగా పట్టదు, పెద్ద ముక్క మాత్రం కనబడుతుంది. పొద్దున ఏడు దాటాక మొదలై, పది ప్రాంతంలో విడుస్తుంది. నా ఏడో తరగతి పిల్లలకి అది చూపించాలని నా ఆశ. మళ్లీ ఇంతటిది వాళ్లు బడిలో ఉండగా రాదు.

మా బడి చూలైలో ఉంది. తెలుగు వర్తకుల ధర్మనిధితో నడిచే చిన్న బడి. చుట్టూ సందులు. ఎండ నేల మీద పడాలంటే సూర్యుడు నడినెత్తికి రావాలి. తూర్పు ఆకాశం కనబడే ఖాళీ జాగా ఆ పేటలో మా బడి ఆవరణ ఒక్కటే. దాని గేటు తాళం సెక్రెటరీ వరదయ్య దగ్గర ఉంటుంది.

వరదయ్యది ఎండుమిర్చి హోల్‌సేలు. ఆయనతో కొట్లో మాట్లాడేవాళ్లు ఎవరైనా కళ్లనీళ్లతోనే మాట్లాడాలి. ఆయనకి మాత్రం ఏమీ కాదు. ఆ శనివారానికి ముందే నేను తాళం అడగడానికి వెళ్లాను.

"దీపావళి మర్నాడు బడికి ఎవరయ్యా వచ్చేది?" అన్నాడు.

"గ్రహణం చూపిద్దామని."

"గ్రహణమా?" వేలితో కొట్టు మూల చూపించాడు. "ఎనభైలో పట్టినప్పుడు మా ఏకాంబరం ఇట్లే మిద్దెక్కి చూసినాడు. ఈనాటికీ ఎడమ కంటికి నడిమధ్య మచ్చ. చూడు ఎట్ల రాస్తాడో."

గుమాస్తా ఏకాంబరం తల పక్కకి తిప్పుకుని, కుడికన్నుతో చీటీ రాస్తున్నాడు. మా మాట వినబడి చిన్నగా నవ్వాడు గాని తల తిప్పలేదు.

"సూర్యుణ్ణి చూడనివ్వను," అన్నాను. "వీపు సూర్యుడికి పెట్టి నిలబడతారు. అట్టలో సూదితో బెజ్జం పెడితే అందులోంచి బొమ్మ గోడ మీద పడుతుంది. గోడనే చూస్తారు."

"మరి ఆ గాలి? ఆ నేరంలో, గ్రహణం పట్టిన పొద్దులో, బయట నిలబడితే?"

"గాలికేమీ కాదు. గ్రహణమంటే చంద్రుడి నీడ. అది తప్ప ఆ రోజుకి వేరే ఏమీ లేదు."

"ఏమీ లేదా. సెరి." వరదయ్య బస్తా మీద నుంచి లేచి నా ఎదురుగా వచ్చాడు. "ఏమీ లేకపోతే మా ఇంట్లో రోకలి ఎట్ల నిలబడతా ఉండాది? ఎవరు పట్టుకుంటా ఉండారు దాన్ని?"

మా అమ్మ నిలబెట్టిన రోకలి కళ్లముందు కనబడింది.

"మామూలు దినాన నిలబడితే నీ మాట ఒప్పుకుంటా. బీగంచెవి నీ చేతిలో పెట్టి, ఇండ్లిండ్లకీ నేనే చెప్పి పంపిస్తా. నిలబడలేదా, గేటుకి బీగం బీగమే. నాకు పిల్లలు ముఖ్యం."

ఆయన మనవరాలు ఆశ నా తరగతిలోనే ఉంది. టి. నగర్‌లో పండక్కి కొన్న చెప్పుల డబ్బాకి అప్పటికే బెజ్జం పెట్టి, లోపల తెల్లకాగితం అంటించి పెట్టుకుంది. రోజూ బడికి రాగానే ఒకటే మాట. "గేటు తీస్తారా సార్?"

ఆదివారం సుందరం స్కూటరు మీద వచ్చాడు. చేతిలో సామానేమీ లేదు. పండగకి బట్టలు కుట్టించుకున్నావా అని ఆశని అడిగాడు. ఆమె చెప్పుల డబ్బా తెచ్చి చూపించింది. అందులో తల పెట్టి ఆయన చాలాసేపు చూశాడు.

వరదయ్య ఇల్లు పాతది. నడిమధ్య ఆకాశం కనబడే వాకిలి. చుట్టూ వసారా. గ్రైండరు వచ్చాక రోకలి అటకెక్కింది. దాన్ని దింపేందుకు వరదయ్య తల్లి చెంగమ్మ ఒప్పుకోలేదు. ఎనభై దాటిన మనిషి. స్తంభానికి ఆనుకుని కూర్చుని, అటక కింద నిచ్చెన వేయనివ్వలేదు.

"రోకలిని ఊరికే నిలబెట్టకూడదు. పని లేనప్పుడు పడుకోబెట్టాల."

"ఎందుకమ్మా?" అన్నాడు సుందరం.

"ఎందుకో. మా అత్త చెప్పింది."

"మీ అత్తగారికి ఎవరు చెప్పినారు?"

"ఆమెకి వాళ్లత్త. ఏం అబ్బయా, పోలీసోడి మాదిరి అడగతా ఉండావు?"

సుందరం నేల మీద కూర్చున్నాడు. "ఒకనాడు నిలబెట్టి చూస్తాం అని మీకెప్పుడూ తోచలేదామ్మా?"

చెంగమ్మ కాలి మట్టె తిప్పుకుంటూ ఉండిపోయింది. సుందరం ఆగాడు. కాసేపటికి తనే అంది.

"తోచింది. కాపరానికి వచ్చిన కొత్తలో. ఎవరన్నా చూస్తే కోడలికి పిచ్చి అంటారని ఊరకుండాను." ఆ తర్వాత కొడుకు వైపు చూసి, "నిచ్చెన వెయ్యి నాయనా," అంది.

రోకలి నల్లగా, నున్నగా ఉంది. కింది కొసన ఇనప పొన్ను. ఇరుగుపొరుగువాళ్లు వచ్చి వసారాలో చేరారు. అందరికీ కనబడాలని వరదయ్య ఇత్తడి పళ్లెం వాకిలి మధ్యన పెట్టించాడు. ఆశ నీళ్లు పోసింది. మొదట ఆయనే నిలబెట్టాడు. మోసం చెయ్యలేదు. నిలబడాలనే నిలబెట్టాడు. చేతులు తీయగానే రోకలి ఒరిగింది. పట్టుకుని మళ్లీ నిలబెట్టాడు. మళ్లీ ఒరిగింది.

సుందరం ప్యాంటు మడిచి కూర్చున్నాడు. కింద సరిచూసి, పైన సరిచూసి, ఊపిరి బిగబట్టి వదిలాడు. రోకలి నేరుగా పళ్లెం అంచు మీద పడింది. నీళ్లన్నీ ఆయన ఒళ్లో.

"ఏం సార్," అన్నాడు వరదయ్య, "యూనివర్సిటీ బాగా తడిసిందే."

వసారాలో అందరూ నవ్వారు. సుందరం కూడా నవ్వాడు. నా వంతు వచ్చింది. నాకూ పడింది.

"నాకేం సంతోషం లేదు, వెంకటపతి," అన్నాడు వరదయ్య, పై తుండుతో చేతులు తుడుచుకుంటూ. నిజమే చెప్పాడు. ఆయన చూపు మనవరాలి మీద ఉంది. ఆశ చెప్పుల డబ్బాకి మూత పెట్టేసింది.

"ఇంకొక్కసారి," అన్నాను. ఆశ పళ్లెంలో మళ్లీ నీళ్లు పోసింది.

నేను రోకలి పట్టుకోకుండా నీళ్లు చూస్తూ నిలబడ్డాను. పోసిన నీళ్లు పళ్లెంలో ఒక పక్కకి చేరాయి. తూము ఉన్న పక్కకి. రెండో పక్క ఇత్తడి తేలి కనబడుతోంది. మా ఊళ్లో నారుమడి చదును చేసేటప్పుడు నీళ్లు పెట్టి చూస్తారు. ఎక్కడ మన్ను తేలితే అక్కడ మిట్ట. వాననీళ్లు పోయేందుకు ఈ వాకిలంతా తూము వైపు వాటంగా కట్టారు.

చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. తలెత్తితే సుందరం కూడా పళ్లెమే చూస్తున్నాడు. ఆయన పెదవులు కదిలాయి. నా వైపు చూసి మూసుకున్నాడు. అడగాల, అడిగి ఆగాల.

"అమ్మా," అన్నాను చెంగమ్మతో, "గ్రహణం రోజు పళ్లెం ఎక్కడ పెడతారు?"

"ఆడ కాదు. ఈడ." ఆమె దేవుడింటి గడప ముందున్న నల్లరాయి చూపించింది. "ఈ బండ మీద. మా అత్తా ఈడే పెట్టేది."

"ఇక్కడే ఎందుకు?"

"ఎందుకేమి? ఆమె పెట్టేది, నేనూ పెడతా ఉండాను."

ఆశ పళ్లెం తీసుకుపోయి బండ మీద పెట్టింది. నీళ్లు పోసింది. పోసి అక్కడే గొంతుకూర్చుంది. లేచి వాకిలి మధ్యకి వచ్చి, పళ్లెం తీసిన చోట తడి ఎటు జారిందో చూసింది. మళ్లీ బండ దగ్గరికి పోయింది.

"అవ్వా, ఈడ నీళ్లు పళ్లెం అంతా ఉండాయి. ఆడ సగమే ఉన్నింది."

"అయితే?" అన్నాడు వరదయ్య.

"అయితే నేలే వంకర తాతా. రోకలి కాదు."

వరదయ్య బండ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. పిదప వాకిలి నేల మీద పెట్టి చూశాడు. పుట్టినప్పటి నుంచి నడిచిన నేల అది. "ఇంత వాటంగా ఉందా ఇది," అన్నాడు తనలో తను.

ఆయన రోకలి తీసుకోబోతే చెంగమ్మ ఆపింది. "నువ్వు జరుగు. మగోళ్లు పిడికిలి బిగిస్తా ఉండారు. అంత గట్టిగా పట్టుకుంటే అది ఏ పక్కకి పోతా ఉండాదో ఎట్ల తెలుస్తాది?"

ఆమె పీట వేసుకుని కూర్చుంది. రోకలిని రెండు చేతుల వేళ్లతో తాకి పట్టుకుంది. కొంచెం ఇటు, కొంచెం అటు. తొందర లేదు. గ్రహణం రోజు ఇంట్లో వంట ఉండదు, తిండి ఉండదు, వేరే పనే ఉండదు. ఆ తీరికంతా ఆమె చేతుల్లో ఉంది. వసారాలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు. వేళ్లు ఒక్కొక్కటే తీసింది.

రోకలి నిలబడింది.

చెంగమ్మ చేతులు గాలిలో అలాగే పెట్టుకుని ఉంది. వరదయ్య రోకలి చుట్టూ తిరిగాడు. తలెత్తి ఆకాశం చూశాడు. పైన మామూలు ఆదివారం ఎండ. ఎక్కడా ఏ కొరతా లేదు. మొలకి కట్టుకున్న తాళంచెవుల గుత్తిలోంచి ఒకటి విప్పి, నా అరచేతిలో పెట్టాడు.

"కంటి జాగ్రత్త," అన్నాడు. అంతే.

సుందరం తడి ప్యాంటుతో లేచి చెంగమ్మకి దండం పెట్టాడు. ఆమె పట్టించుకోలేదు. రోకలినే చూస్తోంది.

"నిలబడింది, సెరి," అంది. "గ్రహణం విడిస్తే పడిపోతాది గదా. మరి ఇప్పుడు ఏది విడిస్తే పడతాది?"

సుందరం నా వైపు చూశాడు. నేను అడిగాను. "గ్రహణం రోజు పడేదాకా చూస్తూ కూర్చున్నారా అమ్మా?"

"కూర్చునేదెట్ల? విడుపు కాగానే ఇల్లు కడగాల. తలకి పోసుకోవాల. పళ్లెం తీయాల." అని ఆగిపోయింది. మేము వచ్చేసేటప్పుడు కూడా స్తంభానికి ఆనుకోకుండా, ముందుకి వంగి అలాగే కూర్చుని ఉంది.

దీపావళి మర్నాడు పొద్దున చూలై సందులన్నీ ఎర్రటి టపాసు కాగితాలతో నిండి ఉన్నాయి. పొగ వాసన ఇంకా పోలేదు. గేటు తీశాను. ఆవరణలో నేనూ, ఒక మూల పడుకున్న కుక్కా. కాసేపటికి ఆశ వచ్చింది. చెప్పుల డబ్బా చంకలో ఉంది. ఇద్దరం గోడకి ఎదురుగా, వీపు సూర్యుడికి పెట్టి నిలబడ్డాం. నా అట్ట బెజ్జంలోంచి గోడ మీద పడిన చిన్న వెలుగు చుక్క గుండ్రంగా ఉంది.

"ఎవరూ రారా సార్?"

"చూద్దాం."

మొట్టమొదట వచ్చింది ఏకాంబరం. కొడుకు చెయ్యి పట్టుకుని, సూర్యుడి వైపు వీపు పెట్టి, వెనక్కి నడుచుకుంటూ గేటు లోపలికి వచ్చాడు. అలా రానక్కర్లేదని చెప్పలేదు. ఆయన తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలు వచ్చారు. ఆ పిల్లల్ని చూసి ఇంకొందరు. చింతాద్రిపేట నుంచి అలివేలుమంగ తన పిల్లల్ని వరసలో నడిపించుకుని వచ్చింది. "మా హెడ్మాస్టరు బడి తీయనన్నారు. మీ రోకలి పుణ్యమా అని ఇటొచ్చాం," అంది.

గోడ మీద చుక్క ఒక పక్క కొరికినట్టయింది. పిల్లల గోల ఆగింది. అప్పుడే ఎవరో సైకిళ్ల షెడ్డులోంచి పిలిచారు. షెడ్డు రేకులకి మేకులు ఊడిపోయిన బెజ్జాలు ఎన్నో. ఏ బెజ్జంలోంచి పడిన వెలుగైనా రోజూ గుండ్రంగానే ఉండేది. ఇప్పుడు షెడ్డు నేలంతా గోరుముక్కల్లాంటి వంపులు. అన్నీ ఒకే వైపుకి తిరిగి ఉన్నాయి. పిల్లలు అరచేతులు చాపి వాటిని పట్టుకున్నారు. ఒక పిల్ల తన గౌను మీద పడినదాన్ని చెరిపేందుకు చూసింది.

ఏకాంబరం తల పక్కకి తిప్పుకుని, గోడ మీది బొమ్మని కుడికంటితో చూశాడు. "ఇదేనా సార్ ఆనాడు నేను చూసింది?"

"ఇదే."

"వీపు తిప్పి నిలబడుంటే సరిపోయుండేది." కొడుకు చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఆ బొమ్మ మీద వేలు పెట్టించాడు.

వరదయ్య గొడుగు వేసుకుని గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు. పోనూ లేదు. వంపు మెల్లగా లావై, గుండ్రమై, ఎప్పటి చుక్క అయింది. పిల్లలు ఇళ్లకి పోయారు. ఆశ నా చొక్కా చెయ్యి లాగింది.

"సార్, మిమ్మల్ని తీసుకురమ్మనింది అవ్వ. విడిచినాక."

సందు పొడవునా గడపలు కడుగుతున్నారు. బిందెల చప్పుడు. మా కాళ్ల మీదుగా నీళ్లు పారుతున్నాయి. వరదయ్య ఇంటి ముందు మాత్రం పొడిగా ఉంది. లోపల ఆయన కోడలు బకెట్టు పట్టుకుని, చీర కుచ్చెళ్లు దోపుకుని నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. దేవుడింటి ముందు బండ మీద పళ్లెం. పళ్లెంలో రోకలి. దాని ఎదురుగా పీట మీద చెంగమ్మ.

"విడిచిందా?" అంది తల తిప్పకుండా.

"ఎప్పుడో విడిచింది అవ్వా."

"పూర్తిగా?"

"పూర్తిగా. గుండ్రంగా అయిపోయింది."

చెంగమ్మ రోకలిని కిందనుంచి పైదాకా చూసింది. "దీనికి ఎవరూ చెప్పినట్టు లేదు," అంది.

వరదయ్య గొడుగు మూయకుండానే లోపలికి వచ్చి, నిలబడ్డ రోకలిని చూసి ఆగిపోయాడు.

"మా అత్త విడుపు కాగానే దీన్ని తీసి పడుకోబెట్టేది. 'పడింది, ఇంక లేవండి' అనేది," అంది చెంగమ్మ. "నేనూ అట్లనే తీస్తా, అట్లనే అంటా వచ్చినా. అది తనంతట పడింది నేను ఒక్కనాడన్నా చూసినానా అని పొద్దున్నించీ తలుచుకుంటా ఉండాను. చూసినట్టే ఉండాది. చూడనట్టూ ఉండాది."

"సెరి అమ్మా, లెయ్యి. తలకి పోసుకో. ఏమీ తినలేదు నువ్వు," అన్నాడు వరదయ్య.

"ఉండు నాయనా. ఎప్పుడు పడతాదో చూస్తాం." చేత్తో ఇంకో పీట నా వైపు జరిపింది. "కూర్చో అయివారూ."

కూర్చున్నాను. ఆశ నా పక్కన నేల మీద కూర్చుంది. కోడలు బకెట్టు కింద పెట్టింది. వరదయ్య కాసేపు నిలబడి, గొడుగు మూసి, గోడకి ఆనుకుని, మెల్లగా జారి తనూ కూర్చున్నాడు.

వీధిలో లారీ ఒకటి పోయింది. ఇల్లు సన్నగా అదిరింది. పళ్లెంలో నీళ్లు గుండ్రగుండ్రంగా కదిలాయి. అందరం ముందుకి వంగాం. నీళ్లు మళ్లీ సర్దుకున్నాయి. రోకలి అలాగే ఉంది.

"లారీకి పడుతుందా సార్?" అంది ఆశ.

"తెలియదు," అన్నాను.

చెంగమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది.

"ఇంకొకటి రానీ," అంది.